పదిహేడో మడి

అదేంటి సార్, పొద్దున్నుంచి స్కేలు పట్టుకుని మైదానమంతా కొలిచి కొలిచి, చివరికి పుస్తకంలో "గడ్డి ఎగుడుదిగుడుగా ఉంది" అని ఒక్క ముక్క రాసి పారేస్తారా? ఎగుడుదిగుడట! నలభై ఏళ్ల చాకిరీ సార్ అది!

కదలకండి. మీ గడ్డం మీద నురగ ఉంది, నా చేతిలో కత్తి ఉంది. ఏమైనా చెప్పాలనుకుంటే అయిపోయాక చెబుదురుగాని. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ ఇంతవరకు నా మాటకి ఎదురు చెప్పలేదు. ఇంట్లో నాకా సౌకర్యం లేదు.

ఊఁ కొట్టకండి, గొంతు కదులుతుంది.

మీరు నన్ను వట్టి సెలూనువాణ్ని అనుకుంటున్నారు. నిజమే, వట్టి సెలూనువాణ్నే. కానీ ఇవాళ లీగు తరఫున వచ్చి లైసెన్సు ఇవ్వాలా వద్దా అని మీరు తనిఖీ చేస్తున్న ఆ ఫుట్‌బాల్ క్లబ్బుకి యజమానిని కూడా. నవ్వకండి, తెగుతుంది! నూట పన్నెండు మంది యజమానుల్లో ఒకణ్ని. మా వీధిలో యజమాని కానిది ఎదురింటి కుక్క ఒక్కటే. దాన్నీ చేర్చుకోవాలని ఒకసారి తీర్మానం పెట్టారు, ఏడు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఆ ఏడుగురిని చూస్తే అది ఇప్పటికీ మొరుగుతుంది.

అసలు మీకిప్పుడు గడ్డం గీస్తున్నది కూడా తీర్మానం ప్రకారమే. నిజం! మీరు ఇటువైపు గోలుపోస్టు కొలుస్తుంటే, అటువైపు గ్యాలరీలో మా సభ్యులు గుమిగూడి సభ పెట్టేశారు. మూడు అంశాలు. ఒకటి, తనిఖీ సారుకి శ్రద్ధగా గడ్డం గీసి వేడి తువ్వాలు వేయాలి. రెండు, క్లబ్బు చరిత్ర హృదయానికి హత్తుకునేలా చెప్పాలి. మూడు...

మూడోది తర్వాత చూద్దాం. తల కాస్త వెనక్కి.

చరిత్ర అంటే ఏముంది సార్. మొదట్లో ఇది బట్టల మిల్లు జట్టు. నలభై ఒక్క ఏళ్ల కిందట మిల్లు మూతపడింది. ఓనరు యంత్రాలు పట్టుకెళ్లాడు, బల్లలు పట్టుకెళ్లాడు, ఆఖరికి ఇనప గేటు కూడా ఊడబీక్కుని పోయాడు. జట్టునీ మైదానాన్నీ మాత్రం వదిలేశాడు. లారీలో పట్టలేదు కాబోలు.

ఆటగాళ్లు పదకొండు మందీ వచ్చి గేటు లేని గేటు దగ్గర నిలబడ్డారు. "ఇప్పుడు మేం ఎవరి జట్టు?" అని అడిగారు. అప్పుడు నర్సమ్మ, మా వీధి చివర ఆస్పత్రిలో పనిచేసేది, చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, "మన జట్టే. ఇంకెవరిది?" అని డ్యూటీకి వెళ్లిపోయింది. అంతే సార్. మా వ్యవస్థాపక మహాసభ అదే. అరనిమిషం.

అక్కడి నుంచి నూట పన్నెండు ఇళ్లు. ఇంటికొక వాటా, వాటాకొక ఓటు. ఎంతటి మొనగాడికైనా రెండో ఓటు లేదు. ప్రతిదీ ఓటే! జెర్సీ రంగు తేల్చడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ మావాళ్లు బనియన్లతో ఆడారు. ఒక ఏడాది కోచ్ మమ్మల్ని అడక్కుండా మా ఫార్వర్డుని మార్చేశాడని కోపం వచ్చి, ఇకపై ఆట మధ్యలో మనిషిని మార్చాలన్నా కమిటీ చేతులెత్తాలని తీర్మానించాం. పాపం ఒకడు కాలు బెణికి కింద పడి ఉన్నాడు. గీత పక్కన ఐదుగురు పెద్దమనుషులు చర్చించుకుంటున్నారు. "ముందు సవరణ మీద ఓటు పెట్టండి" అంటాడు లెక్కల మాస్టారు. చేతులెత్తేలోపు ఆట అయిపోయింది, కాలు కూడా తగ్గిపోయింది.

ఇలాంటి జట్టు ప్రొఫెషనల్ లీగులో ఎలా నెగ్గుకొచ్చింది అంటారా? గడ్డి సార్! మీరు ఎగుడుదిగుడన్నారే, ఆ గడ్డే.

మైదానం చూసుకోవడానికి మనిషిని పెట్టుకునే స్థోమత లేదు మాకు. అందుకని మైదానాన్ని నూట పన్నెండు మడులుగా గీసి, చీటీలు తీసి, ఇంటికొకటి పంచేసుకున్నాం. ఎవరి మడికి వాళ్లే నీళ్లు పోయాలి, వాళ్లే కత్తిరించాలి, కలుపు వాళ్లే పీకాలి. ఇక చూస్కోండి! లెక్కల మాస్టారు తన మడిని స్కేలు పెట్టి కత్తిరిస్తాడు, గాజుపలకలా ఉంటుంది. టైలరుది అంచులు మడిచి కుట్టినట్టుంటుంది. నర్సమ్మది ఒత్తుగా, మెత్తగా. బేకరీ ఆయన మడిలో బంతి పడిందంటే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, లేవదు.

బయటి జట్లకి ఇదంతా ఏం తెలుస్తుంది? మావాళ్లకి మాత్రం నూట పన్నెండూ కంఠతా వచ్చు. ఆటలో అరుపులు వినాలి మీరు! "నర్సమ్మ మీదుగా ఇవ్వరా! మాస్టారి మీద వెయ్యకు, జారిపోతుంది! ఒరే, బేకరీలో వదిలెయ్, వాడే వచ్చి ఇరుక్కుంటాడు!" అవతలివాళ్లు బిక్కమొహాలు వేసుకుని రిఫరీ వంక చూసేవాళ్లు. రిఫరీ రూల్సు పుస్తకం వంక చూసేవాడు. అందులో బేకరీ గురించి ఏమీ ఉండదు కదా.

ఎడమ చెంప ఇటు తిప్పండి. ఆఁ, అలాగే.

ఎవరి ముందైనా ఒప్పుకుంటాను, మాకు వచ్చిన మడికి నేను చేసిన సేవ పెద్దగా ఏమీ లేదు. పదిహేడో నంబరు మాది. చీటీ తీసింది నేను, చాకిరీ మా ఆవిడది. రోజంతా ఈ కుర్చీ పక్కన నిలబడి ఉంటాను కదా, సాయంత్రమయ్యేసరికి కూర్చోవడం తప్ప ఇంకో పని చేతకాదు. మా ఆవిడ బకెట్లు మోసేది. నేను గట్టు మీద కూర్చుని, "అటు మూల కొంచెం తక్కువైంది చూడు" అని సలహా ఇచ్చేవాణ్ని. ఒకసారి ఆ మూలకి పోయాల్సిన నీళ్లు నా మీద పోసింది.

ఇప్పుడు మీరు లైసెన్సు ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసా సార్? మీకు తెలుసు, ఆ కాగితం మీ సంచీలోనే ఉంది. ఈ సీజను నుంచి మా మైదానంలో ఆడాల్సిన మ్యాచ్‌లన్నీ రెండు గంటల బస్సు దూరంలో, వేరే ఊరి స్టేడియంలో ఆడుకోవాలి. నూట పన్నెండు మంది యజమానులు టిఫిన్ డబ్బాలు కట్టుకుని పరాయి ఊళ్లో పరాయి గడ్డి చూసి రావాలి. నర్సమ్మకి ఎనభై దాటాయి. బస్సెక్కగలదా? పొద్దున్నే చేతికర్ర పక్కన పెట్టి మడి దగ్గర చతికిలబడి కలుపు తీస్తుంది. మ్యాచ్‌లే లేకపోతే ఆ కలుపు ఎవరి కోసం తియ్యాలి?

అదీ సంగతి. హృదయానికి హత్తుకుందా? లేకపోతే చెప్పండి, ఇంకోలా చెబుతాను.

సార్, ఒక్క మాట అడుగుతాను. జవాబు చెప్పక్కర్లేదు, పై పెదవి మీద ఉంది కత్తి.

నూట పదకొండు మడుల్లో స్కేలు పెట్టారు. పదిహేడో మడి దగ్గరికి వచ్చేసరికి టోపీ తీసి, మోకాళ్ల మీద కూర్చుని, నేలలోకి వేలు ఎందుకు పెట్టారు?

నేను వెనకే ఉన్నాను. తువ్వాలు భుజాన వేసుకుని, మిమ్మల్ని సెలూనుకి పిలవడానికి వచ్చాను. మీ నడినెత్తి కనిపించింది. రెండు సుడులు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, మధ్యలో మొండి జుట్టు. మొహాలు నాకు గుర్తుండవు సార్, పెళ్లిచూపుల్లో మా ఆవిడ చెల్లెల్ని చూసి సరేనన్నవాణ్ని. సుడులు మాత్రం మర్చిపోను. వాటిని ఇరవై ఏడేళ్లుగా రోజూ చూస్తున్నాను.

లీగు పంపిన ఉత్తరంలో "పరిశీలకుడు వస్తాడు" అని ఉంది గానీ మీ పేరు లేదు. ఉన్నా ఈ ఊళ్లో ఎవరూ పోల్చుకోరు. ఇక్కడ మీకు ఎప్పుడూ ఒకటే పేరు. తొమ్మిదో నంబరు.

మీరిక్కడ ఉండండని చెప్పి పరుగెత్తుకొచ్చి అదిగో, ఆ క్యాలెండరు తగిలించాను. పోయినేడాది క్యాలెండరు ఎందుకు వేలాడుతోందా అని మీరు అద్దంలో ఇందాకట్నుంచి దాన్నే చూస్తున్నారు. నేనూ మిమ్మల్నే చూస్తున్నాను.

మూడో అంశం ఇప్పుడు చెబుతాను. "ఆ మ్యాచ్ గురించి ఒక్క ముక్క ఎత్తకూడదు." ఇదీ తీర్మానం. ఏకగ్రీవం. నేను కూడా చెయ్యెత్తాను. నేను చెయ్యెత్తితే ఏమవుతుందో ఇప్పుడు మీరే వింటారు.

ఉండండి. కత్తి పక్కన పెడతాను. ఇది కత్తి పట్టుకుని చెప్పే మాట కాదు. పైగా మీరు లేచి లాక్కుంటే నాకు దిక్కెవరు?

ఇరవై ఏడేళ్ల కిందట, ఒక ఆదివారం. సీజను ఆఖరి మ్యాచ్. మేం ఒక గోలు ముందున్నాం. గెలిస్తే లీగులో ఉంటాం, డ్రా అయితే కింది లీగులోకి జారిపోతాం. మీరు అవతలి జట్టు, అప్పటికి మీకు ఇరవై రెండేళ్లు. జాతీయ జట్టులోకి తీసుకుంటారని పేపర్లన్నీ రాస్తున్నాయి. ఎనభై తొమ్మిదో నిమిషంలో మీకు పెనాల్టీ వచ్చింది. గోల్‌కీపరు మా బావమరిది. "గోడ" అనేవాళ్లు వాణ్ని. గోడలాగే కదలడని ఆ పేరు. "బావా, అయిపోయింది మన పని" అని గోల్లోంచి నా వంక చూసి చేతులు ఊపాడు. మీరు బంతి పెట్టారు. పదిహేడో మడి మీద. పెనాల్టీ చుక్క మా మడిలోనే ఉంది కదా.

పరుగెత్తుకొచ్చారు. ఎడమ కాలు ఆనించారు. అది ముందుకి జారిపోయింది. మీరు వెల్లకిలా పడ్డారు, బంతి గోలు మీదుగా, మైదానం ప్రహరీ మీదుగా బేకరీ పెరట్లో పడింది. మా బావమరిది మాత్రం అప్పటికే అటు చివరికి దూకి, కళ్లు మూసుకుని పడుకున్నాడు. జనం వచ్చి లేపితే గానీ గెలిచామని వాడికి తెలీదు.

మీవాళ్లు ఫిర్యాదు చేశారు. చుక్క దగ్గర నేల మెత్తగా ఉందని, ఎవరో కావాలని తడిపారని. మా క్లబ్బులో కఠినమైన నియమం ఉంది సార్. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు నుంచి మడుల్లో చుక్క నీరు పోయకూడదు. లీగు వాళ్లు విచారణకి వచ్చారు. మిల్లు గోదాములో సభ. "నియమం తప్పలేదన్నవాళ్లు చేతులెత్తండి." నూట పన్నెండు చేతులు లేచాయి. పదిహేడో మడి ఎవరిదని అడిగితే మా ఆవిడ లేచింది. "మాదేనండీ. ఆ వారమంతా నేను మా అమ్మ దగ్గర ఉన్నాను. మా ఆయన గురువారం ఒకసారి నీళ్లు పోశాడట, అది నియమం ప్రకారమే. ఇక రెండోసారి అంటారా? మా ఆయన మంచినీళ్లు కూడా ముంచుకుని తాగడండీ, ఇమ్మని అడుగుతాడు. వారంలో రెండుసార్లు బకెట్లు మోస్తాడా?"

గోదాము గోదామంతా విరగబడి నవ్వింది. విచారణాధికారి కూడా నవ్వాడు. నా బద్ధకం నూట పదకొండు మంది సాక్షులతో రుజువైపోయింది. మా ఆవిడ అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఫిర్యాదు కొట్టేశారు.

మేం పండగ చేసుకున్నాం. మీ సంగతి ఏమైందో నేను పేపర్లోనే చదివాను. నేల తడిగా లేదని తేలింది కదా, మరి అంతటి ఆటగాడు ఎలా జారాడు? అమ్ముడుపోయాడు. అలా రాశారు. జాతీయ జట్టు జాబితాలో మీ పేరు రాలేదు. తర్వాత ఏడాది ఏ జాబితాలోనూ రాలేదు.

సార్, నేను గురువారం నీళ్లు పోయలేదు.

బుధవారం కూడా పోయలేదు. వారమంతా పోయలేదు. మా ఆవిడ "మడి ఎండబెట్టావంటే చూడు" అని వేలు చూపించి మరీ వెళ్లింది. ఇవాళ పోద్దాం, రేపు పోద్దాం అనుకున్నాను. మ్యాచ్ రోజు తెల్లవారాక చూస్తే గడ్డి పసుపు తిరిగి, నేల నెర్రెలు విచ్చి ఉంది. ఆమె పది గంటల బస్సుకి దిగుతుంది! బకెట్టు పట్టుకుని పరుగెత్తాను సార్. పంపు దగ్గర్నుంచి మోశాను. నా జన్మలో అన్ని బకెట్లు మోయలేదు. గట్టి నేల కదా, ముందు నీళ్లు తాగలేదు, తర్వాత తాగడం ఆపలేదు. ఆమె వచ్చేసరికి పైపొర ఎండకి పాల మీద మీగడలా గట్టిపడింది. కింద అంతా బురద. గురువారమే పోశానన్నాను. ఆమె చూసి, "పర్వాలేదే, నువ్వు కూడా పనికొస్తావు" అంది. పెళ్లయ్యాక నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

మీకేదో కుట్ర జరిగిందని ఉంటుంది మనసులో. కుట్రే అయితే నాకూ కాస్త గౌరవంగా ఉండేది. జట్టు కోసం చేశానని చెప్పుకునేవాణ్ని. ఏం లేదు సార్. పెళ్లానికి భయపడి చేశాను. పెనాల్టీ సంగతి నాకు తోచనే లేదు.

గోదాములో చెప్పేద్దామనే లేచాను. నిజంగా. మా ఆవిడ మాట్లాడుతుంటే సగం లేచాను కూడా. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కూర్చున్నాను.

అయ్యో, లేవకండి! సగం గడ్డం అలాగే ఉంది! సార్... సరే. తీసెయ్యండి ఆ క్యాలెండరు, వెనక ఫోటో ఉంది. చూడండి.

మీరే. కాళ్లు పైకి, తల మా వైపు. మొహం కనపడదు, రెండు సుడులే కనిపిస్తాయి. పేపర్లో పడిన ఫోటోని క్లబ్బు వాళ్లు పెద్దది చేయించి, పదిహేడో మడి యజమానినని నాకు కానుకగా ఇచ్చారు. వచ్చినవాళ్లందరూ దాన్ని చూసి నవ్వుకుంటూ గడ్డం గీయించుకుని వెళ్తారు. నేనూ వాళ్లతో పాటు నవ్వుతాను. పొద్దున మాత్రం, మీరలా టోపీ తీసి కూర్చుని నేలలోంచి వేలు బయటికి తీసి, తడి ఉందా అని బొటనవేలితో రాసి చూసుకున్నారు చూడండి... అక్కడ నాకు నవ్వు రాలేదు సార్.

ఆఁ? ఏమన్నారు?

ఎన్ని బకెట్లా?

నలభై. ముప్ఫైతొమ్మిది అనుకోండి, ఒకటి కాలి మీద పడింది.

ఇంకేమైనా అడగండి. తిట్టండి పోనీ. అదేంటి, పుస్తకం ఇటు ఇస్తున్నారు? నన్ను రాయమంటారా? నా చేత్తోనా? ఇది రాస్తే మా ఆవిడ రాసిన కాగితం అబద్ధమవుతుంది సార్. ఇప్పుడు క్లబ్బు అధ్యక్షురాలు కూడా తనే. తను జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే, అదీ తనకి తెలీకుండా. దీనితో మీరు లైసెన్సు ఇస్తారో, మా క్లబ్బునే ఎత్తేస్తారో కూడా చెప్పరు. చెప్పరా?

చెప్పరు.

ఇవ్వండి. పెన్ను ఉంది, జేబులో.

"నేను, పదిహేడో మడి యజమానిని..." ఇన్నాళ్లూ యజమానినని డబ్బా కొట్టుకోవడమే గానీ, ఆ హోదాలో సంతకం పెట్టడం ఇదే మొదలు. "మ్యాచ్ నాటి ఉదయం..." నియమానికి దీర్ఘం ఉంటుందా సార్? ఉండదు కదా. "నియమం తప్పి నలభై బకెట్లు పోశాను. తొమ్మిదో నంబరు ఆటగాడి తప్పేమీ లేదు." ఇదిగో, సంతకం. కింద తేదీ కూడా వేశాను. ఇరవై ఏడేళ్లు ఆలస్యమని వేరే రాయక్కర్లేదు, లెక్క కడితే తెలుస్తుంది.

కూర్చోండి ఇక. సగం గడ్డంతో వీధిలోకి వెళ్తే పోయేది నా పరువే, పోవడానికి ఇప్పుడు మిగిలింది అదొక్కటే.

అదిగో, అద్దంలో చూడండి. వీధి దాటి వస్తోందే, మా ఆవిడే. మూడు అంశాలూ అమలయ్యాయో లేదో చూడ్డానికి స్వయంగా వస్తోంది. సార్, సార్, ఆ క్యాలెండరు మళ్లీ తగిలించెయ్యండి, తొందరగా!

వద్దులెండి.

ఉండనివ్వండి అలాగే. ఈసారి మోయడానికి బకెట్లూ లేవు, ఓపికా లేదు.